రైలు వంతెనలు - నీటి త్రోవలు



గాలివాన వెలసిన మఱునాటి యుదయమున మన గోదావరి జిల్లాలలో నలుగురు కూడినచోట మొదట వినవచ్చు ప్రశ్న "రైలు ఎప్పుడు వచ్చును?" అనునది. పట్టాలక్రింది కంకర కొట్టుకొనిపోయినను, వంతెన స్తంభము క్రుంగినను, ఎన్ని దినములలో బాగుచేయుదురో యనియే అందఱ తహతహ. ఆ ప్రశ్న న్యాయమైనదే. బియ్యము, మందులు, చదువుకొను పిల్లలు, కూలికి పోవువారు అందఱును ఆ పట్టాలమీదనే పోవలెను గదా. కాని దాని ప్రక్కను నిలువవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. ఆ వంతెనను మరల గట్టునపుడు నీరు ఏ త్రోవను పోవును? చేప యెట్లు ఎదురెక్కును? ఎగువ చేలలోని మురుగు ఎన్నాళ్లు నిలుచును? దీనినే నేడు పర్యావరణ సమీక్ష యనుచున్నారు. పేరు క్రొత్తది గాని విషయము మన డెల్టాలో రైలు వచ్చిననాటిదే. దాని చరిత్రను కొంత విన్నవించెదను.

కాకినాడకు దక్షిణమున కోరంగి కలదు. ఒకప్పుడది పేరుగన్న ఓడరేవు. 1789 డిసెంబరులో నొకమాఱు, 1839 నవంబరులో నింకొకమాఱు సముద్రము దానిపై విరుచుకొనిపడెను. కలకత్తాలో నుండి తుపానుల వృత్తాంతములు సేకరించిన హెన్రీ పిడింగ్టను అను నాతడు కోరంగి యుప్పెనను గూర్చియు వ్రాసెను. 1848 లో గ్రీకు మాటనుండి 'సైక్లోను' అను పేరు కల్పించినవాడు నాతడే; చుట్టచుట్టుకొన్న పామువంటి గాలి యని దాని భావము. పండితులము మనము చక్రవాతమని సంస్కృతీకరించుకొంటిమి. మన పల్లెవారు మాత్రము గాలివాన యనియు, ఉప్పెన యనియు, వరద యనియు మూడు మాటలు విడివిడిగా వాడుదురు. నాకు వారి వాడుకయే మేలని తోచును. ఏలయన, గాలి వంతెనకు చేయు కీడు వేఱు, ఉప్పెన చేయునది వేఱు, వరద చేయునది వేఱు.

గాలి చేయు కీడునకు స్కాట్లండులోని టే నది వంతెన సాక్ష్యము. 1879 డిసెంబరు 28 రాత్రి పెనుగాలికి దాని నడిమి గర్డర్లు రైలుతోగూడ నదిలో గూలినవి. ఉప్పెనకు మన పొరుగున పాంబను సాక్ష్యము. 1964 డిసెంబరు 22 రాత్రి ధనుష్కోటికి పోవుచున్న రైలును సముద్రము మ్రింగినది. పాంబను వంతెన గర్డర్లు అనేకము కొట్టుకొనిపోయినవి. శ్రీధరన్‌గారి యాధిపత్యమున 46 దినములలో దానిని నిలువబెట్టిరి. ఆ వేగమును నేటికిని ఇంజనీర్లు చెప్పుకొందురు, చెప్పుకొనదగినదే. కాని పాంబను సముద్రపు పాయ. అచ్చట నీటికి త్రోవ చాలదను భయము లేదు. మన డెల్టాలో నట్లు కాదు. ఇచ్చట వంతెన యన్నచో ఇరువైపుల మట్టికట్ట. ఆ కట్టయే సగము కథ.

మన సీమకు రైలు 1893 లో వచ్చినది. విశాఖవైపునుండి వచ్చిన దారి రాజమహేంద్రవరముకడ నాగెను, బెజవాడవైపునుండి వచ్చినది కొవ్వూరుకడ నాగెను. నడుమ గోదావరి. ప్రయాణికులు పడవలపై దాటుచుండిరి. 1897 నవంబరులో వంతెన పని మొదలై 1900 లో ముగిసినది. మద్రాసు గవర్నరగు హేవ్‌లాకు పేర ప్రసిద్ధమైన ఆ వంతెనకు ఒక్కొక్కటి 150 అడుగులుగల 56 ఖానాలు. ఇంజనీరు వాల్టను నదీగర్భమున నూతులు దింపి, వానిపై రాతి స్తంభములు లేపెను. అది 1953 వరదను జూచెను. 1986 ఆగష్టులో ధవళేశ్వరముకడ 35 లక్షల క్యూసెక్కుల నీరు పాఱినపుడును అది నిలిచియే యుండెను. 1997 వఱకు రైళ్లు దానిమీద నడిచినవి. నదికి కావలసినంత వెడల్పు విడిచినందుననే యది బ్రతికినదని నా యభిప్రాయము. గొప్ప నదికి భయపడి మనుష్యుడు మర్యాద చూపును. మర్యాద తప్పునది చిన్నవానియెడనే. పంటకాలువ, మురుగుకాలువ, ఉప్పుటేరు, వీనిమీది చిన్న తూములయెడనే మన కథ చెడినది.

ఆ దినములలో చట్టము లేకపోలేదు. 1890 నాటి రైల్వే చట్టములో 11వ సెక్షను చదివినచో నాశ్చర్యము కలుగును. రైలుదారి వేయుటకు పూర్వము చుట్టుపట్ల భూములకు నీరు ఎంత స్వేచ్ఛగా వచ్చిపోవుచుండెనో, వేసిన పిమ్మటను అంత స్వేచ్ఛగా వచ్చిపోవునట్లు తూములు, కాలువలు కట్టవలెనని దాని తాత్పర్యము. ఇంతకంటె పర్యావరణ సమీక్ష యేమి కావలెను? కాని ఆ వాక్యము చివర 'సాధ్యమైనంతవఱకు' అను నర్థమిచ్చు చిన్న తోక యున్నది. మీమాంస చదువుకొన్న మా గురువులు విధివాక్యములో నిట్టి తోక గనబడినచో విధి యంతయు దానిలోనుండి జాఱిపోవునని నవ్వెడివారు. అదియును గాక, దారి తెఱచిన పదియేండ్లు గడచిన వెనుక, ప్రభుత్వము కోరిననే తప్ప, క్రొత్త తూముల వ్యయము రైల్వే భరింపనక్కఱలేదని యింకొక మాట చేర్చిరి. నీరు పదియేండ్లలో తన త్రోవ మార్చుకొనుట మానునా?

తూము వెడల్పును లెక్కించు విధమును కొంత చెప్పవలెను. మద్రాసు రాజధానిలో రైవ్సు అను నింజనీరు సూత్రము చిరకాలము వాడుకలో నుండెను. వాన పడు క్షేత్రపు విస్తీర్ణమును వర్గించి, దానికి ఘనమూలము గట్టి, ఒక గుణకముచే హెచ్చించినచో వచ్చు వరద తేలును. నేటి కొలతలలో, తీరమునకు 80 కిలోమీటర్ల లోపలి భూములకు గుణకము 6.8, కొండసీమలకు 10.2. నేను బడిలో తెలుగు చెప్పినవాడను, గణితము నా వృత్తి కాదు. ఐనను ఈ సూత్రములో సముద్రము లేదని గ్రహించుటకు గణితపాండిత్యము పనిలేదు. కాకినాడ చుట్టుపట్ల కాలువ నోటిలో పోటు నిలిచియున్నపుడు ఎగువనుండి వచ్చు నీటికి పోవు చోటు లేదు. అది రైలుకట్టకు ఎగువన ఆగి, చేలమీదికి ప్రాకును. పాటు వచ్చిన కొన్ని గంటలలోనే అది యంతయు తూములగుండ పోవలెను. లేనిచో మరల పోటు వచ్చును. కావున డెల్టాలో తూము వెడల్పునకు వాన యొక్కటియే కొలమానము కాదు. ఆటుపోటుల నడుమ దొరకు వ్యవధియు కొలమానమే.

దీనికి దగ్గఱి యుదాహరణము మన కోటిపల్లి రైలు. కాకినాడనుండి రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగ గౌతమి యొడ్డున కోటిపల్లి వఱకు 45 కిలోమీటర్ల దారి 1928 లో తెఱచిరి. 1940 లో యుద్ధావసరములకని పట్టాలు పెఱికికొని పోయిరి. మరల 2004 లోగాని రైలు నడువలేదు. నడుమ అఱువదినాలుగేండ్లు! ఆ కాలములో ఇండ్లు పెరిగినవి, రోడ్లు లేచినవి, చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు వచ్చినవి, మురుగుకాలువలు పూడినవి. 1928 నాటి నీరు వేఱు, 2004 నాటి నీరు వేఱు. పాతదారికి క్రొత్తపట్టాలు వేయుట మరమ్మతా, క్రొత్త నిర్మాణమా యని ఎవరైన నడిగినచో నేను నీటిని జూచి క్రొత్తదే యందును.

మన భాషవారు మిక్కిలి వెల యిచ్చి నేర్చిన పాఠములు తెలంగాణములో నున్నవి. 1954 సెప్టెంబరులో జనగామ ప్రాంతమున వరదకు వంతెన కూలి రైలు పడిపోయినది. నూటికి పైగా చనిపోయిరి. 1956 సెప్టెంబరులో మహబూబునగరముకడ మరల నట్లే. అప్పుడును నూటికి పైగా. రైల్వేమంత్రి లాల్‌బహదూరు శాస్త్రిగారు రాజీనామా యిచ్చిరి, నెహ్రూగారు అంగీకరింపలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదము పిమ్మటనే యది యంగీకరింపబడెను. అందఱును ఆ రాజీనామాను జ్ఞాపకముంచుకొనిరి. దానికంటె నుపయోగకరమైన పని, 1957 - 59 నడుమ ఖోస్లాగారి యింజనీర్ల సంఘము చేసినది, ఎవరికిని జ్ఞాపకము లేదు. దేశమంతటికి నొకే సూత్రము పనికిరాదనియు, ఆయా సీమల వానను, నేలను బట్టి వరదను లెక్కింపవలెననియు వారు చెప్పగా, తరువాత దేశమును 26 ఉపమండలములుగ విభజించిరి.

ఐనను 2005 అక్టోబరు 29 తెల్లవాఱుజామున వలిగొండకడ డెల్టా ప్యాసింజరు పడిపోయినది. చిన్న వంతెన. ఎగువ చెఱువు తెగి కట్టను కోసివేసెను. నూటపదిమందికి పైగా మరణించిరి. రేపల్లెనుండి బయలుదేరిన రైలగుటచే మృతులలో మన తీరపు జిల్లాలవారును ఉండిరి. రైల్వేవారి పరిభాషలో 'రైల్వేను బాధించు చెఱువులు' అను మాట పాతకాలమునుండి కలదు. తమ కట్టకు ముప్పు తెచ్చు చెఱువులకు జాబితా వ్రాసి, రాష్ట్రాధికారులతో గూడి చూచుకొనుట దాని యుద్దేశము. మంచి పద్ధతి. కాని ఆ మాటకు జోడుగా 'రైలుకట్ట బాధించు చెఱువులు' అను మాట పుట్టలేదు. బాధ యెప్పుడును ఒకవైపునుండియే చూడబడినది.

ఇక మరమ్మతు సంగతి. వంతెనక్రింద నీరు సుడితిరిగి పునాదిని కోయును. ఆ కోతను పూడ్చుటకు బండరాళ్లు దొరలింతురు, ఇసుకబస్తాలు వేయుదురు. పని చేయుటకు ఏటికి అడ్డుకట్ట వేసి నీటిని ప్రక్కకు మరలింతురు. ఇదంతయు ఆపద్ధర్మము. ఆపదలో ధర్మములు సడలునని శాస్త్రమే చెప్పును. కాని ఆపద తీరిన పిమ్మట అడ్డుకట్ట మట్టి యేటిలోనే మిగులును. కూలిన స్తంభపు ముక్కలు అడుగుననే యుండును. దొరలించిన రాళ్లు ఖానా వెడల్పును తగ్గించును. మఱుసటి వరదకు అదే వంతెన మరల కోతకు గుఱియగును. పాత గర్డర్లను గీకునపుడు రాలు రంగులో సీసము కలదు. అది నీటిలో బడినచో రొయ్యకును మనకును విషమే. మట్టి యెక్కడనుండి త్రవ్విరో అక్కడ గుంట మిగిలి దోమలకు నిలయమగును. శ్రావణ భాద్రపదములలో నేటిలో పని పెట్టినచో, సముద్రమునుండి ఎదురెక్కివచ్చు పులసకు అడ్డు. పులస పేరు చెప్పిన గోదావరివారికి విషయము వెంటనే బోధపడునని ఆ మాట చెప్పితిని గాని, పేరులేని చేపలకును ఆ త్రోవయే.

తీరమున మఱొక రక్షకుడు కలడు. కోరంగి మడఅడవిని 1978 లో అభయారణ్యముగ ప్రకటించిరి; సుమారు 235 చదరపు కిలోమీటర్లు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణమున తీరము దాటి వేయిమందికి పైగా బలిగొన్నది. అలను మొదట నెదిరించునవి మడచెట్లే. అవి బ్రతుకుటకు తీపినీరును ఉప్పునీరును రెండును కావలెను. ఎగువన తూములు మూసి తీపినీరు తగ్గించినవాడు, తన వంతెనకు ముందుగోడ తీసివేసికొన్నట్లే.

నేటి చట్టముల స్థితి యేమి? 1986 లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినది. 1994 లోను, మరల 2006 లోను దానిక్రింద ప్రభావ పరిశీలన ప్రకటనలు వెలువడినవి. 2006 నాటి పట్టికలో రహదారులు, రేవులు, విమానాశ్రయములు కలవు, రైలుదారులు లేవు. 1989 రైల్వే చట్టపు 11వ సెక్షను, ఇతర చట్టము లేమి చెప్పినను, నదులమీద కాలువలమీద కట్టుటకు రైల్వేకు నధికార మిచ్చినది. పాత చట్టములో 11వ సెక్షను నీటిని గూర్చిన బాధ్యత. క్రొత్త చట్టములో 11వది యధికారము, బాధ్యత 16వ దానికి జరిగినది. అంకెల మార్పే యని సరిపెట్టుకొందము. 1991 లో మొదలై 2011 లోను 2019 లోను మార్పబడిన తీరమండల నియమములును, అటవీ వన్యప్రాణి చట్టములును ఆయా హద్దులలో కొంత కాపాడును. హద్దునకు ఎగువనున్న వరిచేని తూమునకు ఆ రక్షయు లేదు.

అమెరికాలో 1970 నుండి ఇట్టి పనులకు ముందు సమీక్ష విధి. 2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూజెర్సీలోని రారిటను నదిమీది 1908 నాటి రైలు వంతెనను గాయపఱచినది. వారు మొదట దానిని తాత్కాలికముగ బాగుచేసి రైళ్లు నడిపిరి. పిమ్మట సమీక్ష జరిపి, ప్రక్కను క్రొత్త వంతెనకు పూనుకొనిరి. దానికి సంవత్సరములు పట్టినవి. ఆలస్యమని నిందించువారు నిందింతురు. కాని రైలు ఆగలేదు, విచారణయు ఆగలేదు. మనకును ఈ రెండంచెల పద్ధతియే యుచితమని నా మనవి. ఆపదనాడు అనుమతులడుగక దారి తెఱువుడు. ఆ వేసవిలోపల అడ్డుకట్టను తీయుడు. శాశ్వతపు పని మొదలిడుటకు ముందు ఎగువ దిగువ గ్రామముల రైతులను, పడవవారిని, చేపలవారిని పిలిచి ఒకనాడు వంతెనకడ నిలువబెట్టుడు. వరదకాలమున రైల్వేవారు స్తంభముపై ప్రమాదస్థాయి గీత గీసి కావలి పెట్టుదురు. ఊరివారికి తమ గుడిగోడమీద, బడిగోడమీద అట్టి గీతలే కలవు. రెండు గీతలను ఒకే కాగితముపై నెక్కించుటకు చట్టము మార్పనక్కఱలేదు.

కోటిపల్లినుండి నరసాపురమునకు పోవు దారికి 2000 - 01 లో మంజూరు వచ్చినది. గౌతమి, వైనతేయ, వసిష్ఠ, మూడు పాయలపై మూడు పెద్ద వంతెనలు. ఇరువదియేండ్లు దాటినను అచ్చట రైలు కూయలేదు. కోనసీమవారు విసిగి యున్నారు, వారి విసుగు న్యాయమే. ఐతే ఆ పెద్ద వంతెనలకు ఇరువైపుల రావలసిన మట్టికట్టలు కోనసీమ చేలను, కొబ్బరితోటలను, మురుగుకాలువలను అడ్డముగ దాటవలెను. ఆ కట్టలలో తూము లెన్ని, ఒక్కొక్కటి యెంత వెడల్పు, పోటువేళ వానిలో నీరు ఎంత యెత్తున నిలుచును - ఈ లెక్క కట్ట పడకమునుపే అమలాపురములో గోడకంటించి అందఱకు చూపవచ్చును.