దిగబడిన బండి, లాగిన మోకు

ఉత్తరాంధ్రమున పుట్టి పెరిగినవారికి నదిలో బండి దిగబడుట వింత కాదు. నాగావళి, వంశధార, చంపావతి, గోస్తని, ఇవన్నియు కొండలలో పుట్టి, కొద్దిదూరము పరుగెత్తి సముద్రమున పడు నదులు. కొండమీద వాన కురిసిన మరునాడు ఒడ్డులొరసి పారును. వేసవిలో ఒక చిన్న పాయ మాత్రము మిగిలి, తక్కినదంతయు ఇసుకయే. పైకి గట్టిగా కనిపించు ఆ యిసుక క్రింద నీరు నిలిచియుండును. వంతెనలు లేని కాలమున బండ్లన్నియు ఈ యిసుకలో దిగి దాటవలసినవే. ఇనుప పట్టా వేసిన చక్రము ఇరుసుదాక దిగెనా, ఎద్దులెంత మంచివైనను బండి కదలదు. అప్పుడు రెండవ జత ఎద్దులు వలయును. ఆ జతను బండికి కలుపుటకు ఒక మోకు వలయును. బండిని గూర్చియు, ఎద్దులను గూర్చియు మనవారు చాల చెప్పియున్నారు. ఆ మోకును గూర్చి చెప్పినవారు తక్కువ. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

మన ప్రాంతమున మోకులకు ఆధారమైన నారలు ముఖ్యముగా మూడు: జనుము, గోగు, కొబ్బరిపీచు. గోగు అనగానే మనకు పుల్లని గోంగూర జ్ఞప్తికి వచ్చును గాని, ఆ జాతి మొక్కల కాండమునుండి వచ్చు నారకు ప్రపంచ వ్యాపారమున మన యూరి పేరే పెట్టినారు. భీమునిపట్నము రేవునుండి ఎగుమతి యగుచుండుటచే పరదేశపు వర్తకులు దానిని ‘బిమ్లి జ్యూట్’ అనిరి. నెల్లిమర్లలోను, చిట్టివలసలోను జనపనార మిల్లులు వెలసినది ఈ నార పండు నేలమీదనే. గోగుకట్టలను చెరువునీటిలో ఊరవైచి, బెరడు వలిచి, ఉతికి, ఆరవేసి, పురిపెట్టి పేనుట పల్లెలలో ఇంటింటి పనిగా ఉండెను. మోకులు పేను ముసలివారు నారను చేతబట్టి చూచి, అది ఎక్కువ ఊరినదో తక్కువ ఊరినదో చెప్పగలిగెడివారు. ఎక్కువ ఊరిన నార లాగినచో పుటుక్కున తెగును.

కొబ్బరిపీచు శ్రీకాకుళపు ఉత్తరభాగమైన ఉద్దానము సొత్తు. కవిటి, కంచిలి, సోంపేట ప్రాంతముల కొబ్బరితోటలు పేరుపొందినవి. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఆ తోటలను నేలగూల్చినప్పుడు, కాయతోపాటు పీచును నమ్ముకొన్న కుటుంబములును కష్టపడినవి.

ఇక ఈ నారల గుణభేదము. జనపమోకు గట్టిది, కాని సాగదు. తడిలో ఉంచిన కుళ్ళును. గోగుమోకు తీరును ఇంచుమించుగా ఇదియే. కొబ్బరిమోకు అంత బలముగలది కాదు, కాని బాగుగా సాగును, ఉప్పునీటికైనను వెరవదు. తెరచాప ఓడల కాలమున నావికులు కెరటముల కుదుపునకు కట్టుత్రాళ్ళు తెగకుండుటకై, నడుమ కొంతదూరము కొబ్బరిమోకును చేర్చెడివారు. కుదుపును అది సాగి మ్రింగివేయును. నెమ్మదిగా లాగుటకు ఒక త్రాడు, కుదుపుతో లాగుటకు వేరొక త్రాడు: ఈ భేదమొక్కటి తెలిసినచో తక్కిన శాస్త్రము సగము తెలిసినట్లే. నేడు దూరదేశముల కర్మాగారములలో త్రాళ్ళు చేయువారును మొదట అడుగు ప్రశ్న ఇదియే.

మన చరిత్రలో మోకు నడిపిన పనులు చిన్నవి కావు. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరప్రభువు పెద విజయరామరాజుతో కూడి బొబ్బిలి కోటను ముట్టడించెను. ఆ యుద్ధమును గూర్చి వినని తెలుగువాడుండడు. వెలమదొరల పౌరుషము, తాండ్ర పాపారాయుని పగ, ఇవి చెప్పని చరిత్రకారుడు లేడు. కాని కోటగోడను కూల్చిన ఫిరంగి తనంతట తాను అచటికి రాలేదు గదా! ఆ కాలపు ఫిరంగులను లాగునవి ఎద్దులు. ఎద్దులకు సాధ్యము కాని చోట మనుష్యులు మోకులను భుజములకు తగిలించుకొని లాగవలసినదే. బొబ్బిలి చుట్టును నాడు అడవి. లాగినవారి పేర్లు ఏ కైఫీయతులోను కనబడవు.

కొండదారి కథ వేరు. సముద్రతీరపు ఉప్పును జయపురము కొండలకును, ఆపైని దేశమునకును తరతరములుగా చేరవేసినవారు బంజారాలు. వారికి బండ్లు లేవు; పెరికెయెద్దుల వీపుమీదనే బరువంతయు. చక్రమే లేనప్పుడు దిగబడుట అను బాధయే లేదు. 1863లో బ్రిటిషువారు జయపురము సంస్థానమున నేరుగా పరిపాలన చేపట్టిన తరువాత, కొండలమీదికి బండిబాటలు తప్పనిసరి యయ్యెను. రైలు 1909 నాటికి పార్వతీపురమునకును, 1913లో సాలూరునకును వచ్చెను గాని, సాలూరునుండి కొండ యెక్కలేదు. ఎక్కినది మొదట బండి, తరువాత లారీ. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలోనున్న సాలూరు లారీలకు పేరుపడిన పట్టణము. నాతవలస వద్ద మొదలై విజయనగరము, గజపతినగరము, సాలూరుల మీదుగా పోవు 26వ నంబరు జాతీయ రహదారి సుంకి, పొట్టంగి ఘాటీలెక్కి కోరాపుట్ చేరును. ఆ మలుపులలో వానకాలమున లారీ ప్రక్కకు జారినచో మోకుతో పని జరుగదు. అక్కడ ఇనుము రావలసినదే.

ఇనుపగొలుసు ప్రాచీనమైనదే. దాని బలమంతయు దాని బలహీనమైన కొండీలోనే ఉన్నది. జర్మనీలోని హార్ట్స్ కొండల గనులలో గొలుసులు తెగి ప్రమాదములగుచుండగా, విల్హెల్మ్ ఆల్బర్ట్ అను అధికారి 1834లో ఇనుపతీగెలను పురిపెట్టి త్రాడు చేయించెను. ఒక తీగె తెగినను తక్కినవి ఆపును. తెగిన తీగె పైకి లేచి కంటికి కనబడి హెచ్చరించును. మన పల్లెటూరి మోకు సూత్రమే అది, లోహములో.

ఇచట నా అనుభవమొకటి చెప్పవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట గ్రామీణ కార్యక్రమమునకై ధ్వనిముద్రణ చేయుటకు మేము జీపులో నాగావళి ఒడ్డునకు పోయితిమి. జీపు ఇసుకలో దిగబడినది. దారిన పోవు ట్రాక్టరువా డొకడు దయతలచి ఆగినాడు. అతని వద్ద ఒక గొలుసు ఉన్నది. మా డ్రైవరు దానిని జీపు వెనుక, ట్రైలరు తగిలించు ఇనుపగుండునకు చుట్టినాడు. ట్రాక్టరు ఒక్క కుదుపుతో ముందుకురికినది. గొలుసు తెగి, దాని కొస నా ప్రక్కనుండియే పోయి గట్టుమీది తుమ్మచెట్టును కొట్టినది. బెరడు జానెడుమేర లేచిపోయినది. ఒక్క అడుగు ఇటు నిలిచియుంటినేని, ఈ ప్రసంగము వేరొకరు చేయవలసివచ్చెడిది.

గట్టుమీద కూర్చుండి ఇదంతయు చూచుచున్న ఒక ముసలిరైతు లేచి వచ్చి, “గొలుసు మాటాడదు బాబూ, తెగే ముందు సెప్పదు. మోకయితే ఏడుస్తాది, ఇనుకోవాల మరి” అని, తన పాకనుండి కొబ్బరిమోకు తెచ్చినాడు. ముందుగా చక్రముల ఎదుటి ఇసుకను పారతో తీయించినాడు. తాటాకులు పరపించినాడు. పిల్లలను దూరముగా పొమ్మని కసరినాడు. మోకును ఇనుపగుండునకు గాక చట్రమునకు కట్టించినాడు. నడిమి భాగముమీద తడిసిన గోనెసంచి రెండు మడతలుగా వేసినాడు. ట్రాక్టరు చీమవలె కదలినది. మోకు కిర్రుమన్నది, సాగినది. జీపు బయటపడినది.

తరువాత విచారించి చూడగా, ఆయన చేసిన ప్రతి పనికిని నేటి శాస్త్రమున కారణమున్నది. ట్రైలరు ఇనుపగుండు క్రిందికి వ్రాలు బరువునకు, నిలకడగా లాగుటకు చేసినదే గాని, కుదుపునకు చేసినది కాదు, విరిగినచో ఫిరంగిగుండే. చట్రమునకు బిగించిన, లాగుటకై చేసిన కొక్కెమునకే తగిలించవలెను. త్రాటిమీది గోనెసంచి, త్రాడు తెగినప్పుడు ఎగిరిపడకుండ బరువై క్రిందికి దింపును. సాగు త్రాడు తనలో శక్తిని దాచుకొనును గాన, అది తెగిననాడు మరింత భయంకరము. త్రాటి నిడివికి మించిన దూరమున నిలువవలెనని అనుభవజ్ఞుల మాట. ఇరుసుదాక దిగిన బండిని లాగుటకు ఇంచుమించు దాని బరువంత బలము వలయును. పారతో తీసిన ప్రతి తట్టెడు ఇసుకయు త్రాటిమీది భారమును తగ్గించును.

నేడు బజారున దొరకు త్రాళ్ళలో కుదుపునకు తగినది నైలాను. 1935లో అమెరికాలో కరోథర్స్ కనిపెట్టిన ఈ నార రెండవ ప్రపంచయుద్ధమున యంత్రము లేని గ్లైడరు విమానములను లాగు త్రాడైనది. సాగుటయే దాని యోగ్యత. 9 మీటర్ల నైలాను త్రాడు 2 మీటర్లకు పైగా సాగి, మెత్తగా బండిని పైకి తీయును. పాలియెస్టరు పట్టీ సాగదు. నెమ్మదిగా లాగుటకే అది. రెండును చూపునకు ఒక్కటే. కొనువాడు అడిగి తెలిసికొనవలెను.

ఇంకొక చిక్కు అంకెలది. త్రాటిమీద వ్రాయు అంకె సామాన్యముగా అది తెగు బరువు. ఇనుప షాకిలు మీద పోతపోసిన అంకె నిర్భయముగా మోయదగిన బరువు. మంచి షాకిలు తెగునది దానికి సుమారు 6 రెట్ల వద్ద. 4.75 టన్నులని ముద్రయున్న షాకిలు చేతిలో ఇముడును. ముద్రయే లేనిది ఎంత మెరసినను ఇంటికి తేదగదు. 2 టన్నుల జీపునకు 4 మొదలు 6 టన్నులకు తెగు త్రాడు చాలును. ఇంకను లావైనది మేలనుకొందురు గాని, అది సాగక, కుదుపంతయు చట్రముమీదికే త్రోయును. త్రాటిని ముడివేసినచో బలము ఇంచుమించు సగము పోవును. తడిసిన నైలాను తన బలములో పదవవంతుకు పైగా కోల్పోవును. నదిలో వాడువారికి ఇది చిన్న మాట కాదు.

ఆ సాయంకాలము మేము బయలుదేరునప్పుడు ముసలిరైతు మోకును పాయలోనికి తీసికొనిపోయి ఇసుక పోవునట్లు జాడించుచుండెను. డబ్బు ఇయ్యబోతిని. పుచ్చుకొనలేదు. మోకును బారలుగా మడిచి, ఎండ తగులని చోట పాక దూలమునకు వ్రేలాడదీసినాడు. తీయునప్పుడు ఒకచోట రెండు పోగులు లేచియుండుట చూచి, వ్రేలితో అదిమి, “ఇది ఇంక గేదికే” అన్నాడు.