కంపో: యువత ఆరోగ్యాన్ని జపాన్ సంప్రదాయ వైద్యం ఎలా అంచనా వేస్తుంది?

రక్త పరీక్షల్లో లోపమేమీ కనిపించదు. అయినా చేతులు, కాళ్లు చల్లబడటం, నీరసం, నెలసరి నొప్పి వేధిస్తుంటాయి. పాతికేళ్ల వయసులో కనిపించే ఇలాంటి ఇబ్బందులను జపాన్ సంప్రదాయ వైద్యం ‘కంపో’ తేలిగ్గా తీసుకోదు. జబ్బుగా ముదరని ఈ దశను ‘మిబ్యో’ అంటారు.

చైనా వైద్యంలో మూలాలున్న కంపోలో పరీక్షలు నాలుగు రకాలు: చూడటం, విని వాసన గమనించడం, అడిగి తెలుసుకోవడం, తాకడం. నాలుకను, నాడిని పరీక్షిస్తారు. పొట్టను నొక్కి చూసే ‘ఫుకుషిన్’ ఎడో కాలంలో జపాన్‌లోనే బాగా అభివృద్ధి చెందింది. ‘కి’ (ప్రాణశక్తి), ‘కెత్సు’ (రక్తం), ‘సుయి’ (శరీర ద్రవాలు)... వీటిలో ఎక్కడ తేడా ఉందో గుర్తించి, ‘షో’ అనే లక్షణాల సముదాయాన్ని నిర్ణయిస్తారు. మందు దాన్ని బట్టే ఉంటుంది. అందుకే ఒకే తలనొప్పికి ఇద్దరికి వేర్వేరు మందులు రాయవచ్చు.

మన దేశంలో ఆయుర్వేదానికి ప్రత్యేక డిగ్రీ ఉంది. జపాన్‌లో కంపో మందులు రాసేది అల్లోపతి చదివిన వైద్యులే. 148 కంపో మందులకు ఆరోగ్య బీమా వర్తిస్తుంది. అవసరమైతే స్కానింగ్ రాసేదీ అదే డాక్టరు. రోగికి అసలు రక్షణ ఇదే. ఎందుకంటే రక్తహీనతను, థైరాయిడ్ లోపాన్ని ‘షో’ నిర్ధారించలేదు. పైగా అతిమధురం కలిసిన మందులతో కొందరిలో పొటాషియం తగ్గి, రక్తపోటు పెరగవచ్చు.