ఆజాద్ వీసా పుట్టుపూర్వోత్తరాలు

కంపెనీ వీసా మీద వెళ్తే జీతమెంతో ముందే తెలుస్తుంది. ఆజాద్ వీసా మీద వెళ్తే పని దొరుకుతుందో లేదో కూడా తెలియదు. అయినా కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ బాట పట్టినవాళ్లలో ఎందరో రెండోదానికే డబ్బు కట్టారు. ఇందులో కఫీల్, అంటే పూచీ పడే స్థానిక యజమాని, కాగితం మీదే ఉంటాడు. అతనికి ముడుపు చెల్లించి, పని బయట వెతుక్కోవాలి. చట్టం దీన్ని ఒప్పుకోదు. బహ్రెయిన్ రాజధాని మనామాలో ఉమ్మ్ అల్ హస్సామ్ లాంటి అపార్ట్‌మెంట్ల పేటల్లో దొరికే రంగుల పని, ఏసీ రిపేర్లే ఇలాంటివాళ్లకు ఆధారం.

ఈ పూచీ పద్ధతి వేరు గల్ఫ్ ముత్యాల వేటలో ఉంది. సీజన్‌కు ముందు పడవ నాయకుడు నఖుదా, మునిగేవాళ్లకు అడ్వాన్సు ఇచ్చేవాడు. ముత్యాలు అమ్ముడుపోయేదాకా ఎవరి వాటా ఎంతో తేలదు. వేట సాగకపోతే అప్పు మరుసటి ఏడాదికి, ఒక్కోసారి కొడుకు మీదికీ వచ్చిపడేది. 1920లలో బహ్రెయిన్‌లో బ్రిటిష్ అధికారులు పరాయి దేశాల కార్మికులకు స్థానికుల పూచీ తప్పనిసరి చేశారని, కఫాలా పద్ధతి అక్కడే మొదలైందని బహ్రెయిన్ పరిశోధకుడు ఒమర్ అల్ షెహాబి అంటారు. జపాన్ పెంపుడు ముత్యాలు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి, 1932లో చమురు పడింది. ముత్యాల కాలం ముగిసినా పూచీ మిగిలింది.

ఆ పూచీని సడలిస్తూ 2009లో బహ్రెయిన్, యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలిచ్చింది. 2017లో కఫీల్ అక్కరలేని ఫ్లెక్సీ పర్మిట్ తెచ్చి, 2022లో ఎత్తేసింది. ఫ్లెక్సీలో రుసుములు కార్మికుడివే, పని దొరకని నెల నష్టమూ అతనిదే.

మరి తెలియని దారికి మొగ్గెందుకు? లెక్కకట్టగల ముప్పు వేరు, లెక్కకందని అనిశ్చితి వేరని ఫ్రాంక్ నైట్ 1921లో చెప్పాడు. ఎర్ర, నల్ల బంతులు ఎన్నేసి ఉన్నాయో తెలిసిన కుండ మీదే ఎక్కువమంది పందెం కాస్తారని, పాళ్లు తెలియని కుండ జోలికి పోరని 1961లో డేనియల్ ఎల్స్‌బర్గ్ చూపాడు. గల్ఫ్‌కు వెళ్లేవాడి లెక్క తిరగబడుతుంది. తెలిసిన జీతంతో అప్పు తీరదని తేలిపోయాక, తెలియని దారిలోనే ఆశ కనిపిస్తుంది. ఆ మొగ్గుకు మూలం అప్పు మీది వడ్డీ.

వీసాకు డబ్బు కట్టేముందు ఏజెంటు లైసెన్సును ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. వీసాలో ఉన్న యజమాని, పని ఇచ్చే యజమాని ఒకరు కాకపోతే ఆ వీసాకు డబ్బు కట్టకండి.