ఫూటీ కౌడీ, చిల్లిగవ్వ



మా లింగాల ఘనపూర్‌కు సమందర్ ఎంత దూరమో మీకు తెలుసు. అయినా దాదీమా సందూక్‌లో పచ్చీసు ఆడే గవ్వలు ఉండేవి. చేతిలో పైసా లేకపోతే ఇంట్లో "ఫూటీ కౌడీ భీ నహీఁ" అనేవాళ్లు, గడప దాటితే "చిల్లిగవ్వ లేదు" అనేవాళ్లు. రెండు జబానుల్లోనూ అదే జానవర్. అవును, జానవరే. గవ్వ రాయి కాదు, ఒక నత్తజాతి ప్రాణి విడిచిపోయిన ఇల్లు.

మీ ఇంట్లో గవ్వలుంటే తీసి చూడండి. లేత పసుపు రంగు, అంచుల్లో బుడిపెలు ఉంటే అది ఒకప్పటి అసలు పైసా గవ్వ. వీపు మీద నారింజ గీత ఉంగరంలా చుట్టి ఉంటే దాని రిష్తేదార్. అడుగున పండ్ల వరుసల్లాంటి చీలిక ఉంటుంది. బతికున్నప్పుడు ఆ చీలికలోంచి మెత్తటి చర్మం బయటికి చాచి పెంకునంతా కప్పుకుంటుంది. ఎవరూ పాలిష్ పట్టకుండానే ఆ చమక్ అందుకే. ఆటుకు నీళ్లు వెనక్కి పోయినప్పుడు పగడపు రాళ్ల కింద దాక్కుంటుంది, రాత్రి బయటికొచ్చి నాచు మేస్తుంది.

దీని వతన్‌లలో మాల్దీవులు ఒకటి. సముద్రపు ఒడ్డున కొబ్బరి మట్టలు నీళ్లలో వేస్తే గవ్వలు వాటికి పట్టుకుంటాయని క్రీ.శ. 851 నాటి అరబ్బీ కితాబులోనే ఉంది. ఖజానా తగ్గితే అక్కడి మలికా మట్టలు వేయమని హుకుం ఇచ్చేదని అల్ మసూదీ రాశారు. అల్ బిరూనీ కితాబుల్ హింద్‌లో ఆ దీవులకు రెండు పేర్లు చెప్పారు: ఒకటి గవ్వల దీవులు, ఇంకొకటి కొబ్బరి పీచు దీవులు. ఒక జానవర్, ఒక చెట్టు, అంతే ముల్కు పరిచయం!

1343లో ఇబ్న్ బతూతా అక్కడికి చేరి ఖాజీ అయ్యారు. షాదీలూ చేసుకున్నారు, తగవులూ పెట్టుకున్నారు, ఆ కిస్సా వేరే. గవ్వల హిసాబ్ మాత్రం పక్కాగా రాశారు. ప్రాణులను ఏరి ఒడ్డున గుంటల్లో వేస్తారు, మాంసం కుళ్లిపోయాక తెల్లటి పెంకు మిగులుతుంది. లక్ష గవ్వలు ఒక బుస్తూ. నాలుగు బుస్తూలు ఒక బంగారు దీనారు. బెంగాల్ వాళ్లు బియ్యం ఇచ్చి గవ్వలు తీసుకుపోయేవారు. తరువాత ఆయనే ఆఫ్రికాలోని మాలీలో చూశారు: అక్కడ 1,150 గవ్వలకే ఒక దీనారు!

నాలుగు లక్షలెక్కడ, 1,150 ఎక్కడ? ఈ తేడాను తరువాతి కాలంలో యూరప్ సౌదాగర్లు పట్టుకున్నారు. పోర్చుగీసు, డచ్చి, ఇంగ్లీషు జహాజులు మన సముద్రం నుంచి గవ్వలను మోసుకుపోయాయి. పడవ బరువు నిలపడానికి అడుగున పోసుకున్న ఆ సరుకుతోనే పశ్చిమాఫ్రికా తీరంలో మనుషులను ఖరీదు చేశారు. బానిసల ధర గవ్వల్లో లెక్కకట్టారు. హజ్రత్ బిలాల్ (రజి.) వాకియా పిల్లలకు చెప్పుకునే మన ఇళ్లలో, అదే జాతి గవ్వలతో పచ్చీసు ఆడుకున్నాం. ఎవరికీ తెలియదు పాపం.

మొన్న సందూక్ తెరిచి చూశాను. ఆరు గవ్వలున్నాయి. ఐదు బుడిపెలవి, ఒకటి ఉంగరం గీతది. ఏ ఒడ్డు నుంచి, ఎన్ని చేతులు మారి మా ఊరొచ్చాయో చెప్పడానికి దాదీమా లేదు.