80 రోజుల లెక్క

వానలు తప్పిన ఏడాది కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ఇంటిల్లిపాదీ సుగ్గికి పోతారు. కోసిగి, పత్తికొండ వైపు నుంచి గుంటూరు మిరప చేలకు పోయే వాళ్లలో మా తండాల ఆడవాళ్లూ ఉంటారు. కడుపుతో ఉన్నవాళ్లూ ఉంటారు. కోసిన కాయకే కూలి, కూర్చుంటే లేదు. వీళ్ల కోసం ప్రసూతి చట్టం ఏం చెప్పిందని వెతికితే ఆ చరిత్ర మిల్లు గేటు దగ్గర మొదలవుతుంది. పొలం గట్టు దాకా ఇంకా సరిగా రాలేదు.

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు సెలవు ఉండాలని ఒప్పందం చేసింది. 1928లో బొంబాయి శాసనమండలిలో ఈ బిల్లు చర్చకు వచ్చినప్పుడు అంబేద్కర్ దానిని సమర్థించారు. తల్లికి విశ్రాంతి దేశానికే మేలు కనుక ఖర్చులో ప్రభుత్వం పెద్ద పాలు మోయాలని ఆయన వాదించారు. మరుసటి ఏడాది బొంబాయిలో చట్టం వచ్చింది. కర్నూలు, కడప ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1930లలో వచ్చింది, అదీ ఫ్యాక్టరీ కార్మికులకు. అప్పట్లో మన ఎరుకల వాళ్ల పేర్లు వేరే రిజిస్టర్లో ఉండేవి. నేరస్థ జాతుల చట్టం కింద పోలీసుల ముందు హాజరు పలకాల్సిన రిజిస్టరు అది. ఒకరికి పేరు రాస్తే సెలవు, ఇంకొకరికి పేరు రాస్తే కాపలా.

స్వతంత్రం వచ్చాక 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం దేశమంతటికీ 12 వారాల సెలవు, జీతంతో సహా ఇచ్చింది. ఆ సెలవులో ఉన్న మనిషిని పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధమంది. కాన్పు తర్వాత ఆరు వారాలు పనిలో పెట్టుకోకూడదంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. కాన్పుకు ముందు ఏడాదిలో ఆ యజమాని దగ్గర 160 రోజులు పనిచేసి ఉండాలి. 1988లో దాన్ని 80 రోజులకు తగ్గించి, పదిమంది, అంతకు మించి పనివాళ్లున్న దుకాణాలకూ వర్తింపజేశారు. 2017లో సెలవు 26 వారాలైంది. మంచిదే. కానీ జొన్న కోతకు ఒక రైతు, పత్తికి ఇంకొకరు, మిరపకు మేస్త్రీ. ఇలా బతికే మనిషికి ఒకే యజమాని దగ్గర 80 రోజులు ఎక్కడివి?

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే తేదీ 2000 మార్చి 8. ఢిల్లీ నగరపాలక సంస్థలో రోజుకూలికి పనిచేసే మస్టర్ రోల్ ఆడవాళ్లు కోర్టుకెక్కారు. పర్మినెంటు వాళ్లకే సెలవు అని సంస్థ వాదించింది. మస్టర్ రోల్ కార్మికులకూ ఈ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. డిగ్రీ చదివే మన పిల్లలు ఈ తీర్పు తప్పక చదవాలి.

2006 ఫిబ్రవరి 2న మన రాయలసీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. అక్కడా మస్టరు ఉంది. ఐదుగురు, అంతకు మించి పసిపిల్లలు వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలన్న నియమమూ ఉంది. ప్రసూతి సెలవు జీతం మాత్రం పెట్టలేదు. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి 6,000 రూపాయలకు తగ్గకూడదంది, 2017లో వచ్చిన మాతృ వందన పథకం తొలి కాన్పుకు 5,000 అంది. ఇక సర్కారు టీచరుకు మన రాష్ట్రంలో 2010 నుంచి 180 రోజులు పూర్తి జీతంతో సెలవు. ఒకే తండాలో అక్క టీచరు, చెల్లెలు కూలి అయితే ఇద్దరి కాన్పుకూ ఇంత తేడా.

క్వారీలో, నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో, హాస్టల్ వంటగదిలో ఒకే చోట పనిచేసే వాళ్లకు 80 రోజులు సులువుగా నిండుతాయి. కావలసింది రుజువు. అందుకే మా బడికి వచ్చే తల్లులకు చెబుతుంటాను: హాజరు పుస్తకంలో మీ పేరున్న పేజీని నెలనెలా సెల్‌లో ఫొటో తీసుకోండి, కూలి బ్యాంకులో పడేలా అడగండి, కడుపుతో ఉన్న సంగతి నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసిచ్చి నకలు దాచుకోండి. రాయడానికి మేమున్నాం.