సమర్‌ఖండ్, బుఖారా: విదేశీ ట్రిప్‌లో తప్పక చూడాల్సిన ఊళ్లు

విదేశీ ట్రిప్ అనగానే మన దగ్గర చాలామందికి ముందు గుర్తొచ్చేది దుబాయ్. ఆ తర్వాత బ్యాంకాక్, సింగపూర్. ఈమధ్య ఉజ్బెకిస్తాన్ పేరు కూడా బాగానే వినిపిస్తోంది. అయితే తక్కువ రోజుల ప్యాకేజీల్లో రాత్రులన్నీ రాజధాని తాష్కెంట్‌లోనే గడిచిపోతాయి. సమర్‌ఖండ్‌కు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేస్తారు. బుఖారా ఊసే ఉండదు. లక్షలు కాకపోయినా వేలకు వేలు ఖర్చు పెట్టి వెళ్లి, అసలు చూడాల్సింది వదిలేసి రావడమే ఇది. అందుకే టికెట్లు కొనేముందు ఈ వివరాలు తెలుసుకోండి.

హైదరాబాద్‌తో చుట్టరికం

ఆసఫ్‌జాహీ వంశం మూలాలు సమర్‌ఖండ్ ప్రాంతంలోనే ఉన్నాయి. మొదటి నిజాం మీర్ ఖమరుద్దీన్ తాతగారు ఖ్వాజా ఆబిద్ అక్కడి నుంచే వచ్చి మొఘల్ కొలువులో చేరారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు ఫిరంగి గుండు దెబ్బకు చనిపోయారు. ఆయన సమాధి హిమాయత్‌సాగర్ దగ్గర ఉంది. 1724లో మనవడు దక్కన్‌లో సొంత పాలన మొదలుపెట్టారు.

ఉర్దూ తెలిసినవారికి అక్కడి మాటలు కూడా కొన్ని అర్థమవుతాయి. బజార్, దోస్త్, గోష్త్, పియాజ్, మెహ్మాన్ లాంటి మాటలన్నీ చిన్న తేడాతో అక్కడా ఉన్నాయి. థాంక్స్‌కు ‘రహ్మత్’ అంటారు. ఒక్కచోట జాగ్రత్త: అక్కడ ‘సబ్జీ’ అంటే కూరగాయలు కాదు, క్యారెట్!

సమర్‌ఖండ్: రెండు రాత్రులు

ఊరి నడిబొడ్డున ఉన్నది రెగిస్తాన్ మైదానం. పేరుకు అర్థం ఇసుక నేల. మూడు వైపులా మూడు మదర్సాలు. మొదటిది తైమూర్ మనవడు ఉలుగ్ బేగ్ 1420 నాటికి పూర్తి చేయించినది. మిగతా రెండూ, షేర్‌దార్, తిల్లాకారీ, 17వ శతాబ్దానివి. షేర్‌దార్ ముఖద్వారం మీద పులి, దాని వీపున మనిషి ముఖమున్న సూర్యుడు కనిపిస్తాయి. తిల్లాకారీ లోపల బంగారు పూత పని చూసి తీరాలి. పగలు ఒకసారి, దీపాలు వెలిగాక ఇంకోసారి చూస్తేనే రెగిస్తాన్ చూసినట్టు. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవారికి ఈ రెండోది దక్కదు.

గోరె అమీర్‌లో తైమూర్, ఉలుగ్ బేగ్ సమాధులున్నాయి. ఢిల్లీలోని హుమాయూన్ సమాధి, ఆగ్రాలోని తాజ్‌మహల్ లాంటి కట్టడాల తీరుకు మూలం ఇలాంటి గుమ్మటాలే. బీబీ ఖానుమ్ మసీదు కథ మనదేశంతో ముడిపడినది. 1398లో ఢిల్లీని కొల్లగొట్టి వెళ్లిన తైమూర్, మరుసటి ఏడాది దీన్ని మొదలుపెట్టాడు. షాహె జిందాలో మెట్లెక్కి వెళ్తుంటే రెండు పక్కలా నీలిరంగు పలకల సమాధులు వరసగా కనిపిస్తాయి.

ఉలుగ్ బేగ్ రాజే కాదు, ఖగోళ శాస్త్రవేత్త కూడా. ఆయన బృందం వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలు లెక్కగట్టింది. మూడు శతాబ్దాల తర్వాత జైపూర్ రాజు సవాయి జైసింగ్ జంతర్ మంతర్‌లు కట్టినప్పుడు ఈ పని ఆయనకు దారి చూపింది. వేధశాలలో భూమిలోకి తొలిచిన భారీ కొలత పరికరం అడుగు భాగం ఇప్పటికీ ఉంది. హదీసుల సంకలనకర్త ఇమామ్ బుఖారీ సమాధి ఊరికి దాదాపు 25 కిలోమీటర్ల దూరం. దానికి సగం రోజు పక్కన పెట్టుకోండి.

బుఖారా: మరో రెండు రాత్రులు

సమర్‌ఖండ్‌లో కట్టడాల మధ్య వెడల్పాటి రోడ్లున్నాయి. బుఖారాలో అలా కాదు, పాత ఊరంతా కాలినడకనే తిరగొచ్చు. 1127లో కట్టిన కల్యాన్ మినార్ ఎత్తు 45 మీటర్లకు పైనే. 1220లో చెంగిజ్ ఖాన్ సేన ఊరిని బూడిద చేసినా అది నిలబడింది. దానికి ఎదురుగా ఉన్న మీర్ అరబ్ మదర్సా నేటికీ నడుస్తోంది. పదో శతాబ్దపు సామానీల సమాధి చిన్నదే, కానీ ఉత్త ఇటుకలతో అల్లిక పనిలా కట్టిన తీరు చూస్తే కాసేపు కదలబుద్ధి కాదు.

సాయంత్రానికి లబె హౌజ్ చేరుకోండి. హౌజ్ అంటే మన మక్కా మసీదులో ఉన్నలాంటి కొలనే. గట్టున పాత మల్బరీ చెట్లు, చాయ్ బల్లలు, గాడిదనెక్కిన ముల్లా నస్రుద్దీన్ విగ్రహం. పిల్లలకు ఇక్కడ బాగా నచ్చుతుంది.

తాష్కెంట్: ఒక్కరోజు చాలు

హజ్రతి ఇమామ్ ప్రాంగణంలోని ప్రాచీన ఖురాన్ ప్రతి, చోర్సూ బజార్, 1977లో మొదలైన మెట్రో స్టేషన్ల అందం చూడండి. 1966 జనవరి 10న పాకిస్తాన్‌తో ఒప్పందం మీద సంతకం చేసిన లాల్ బహదూర్ శాస్త్రి, ఆ రాత్రి దాటాక కన్నుమూసింది ఈ ఊళ్లోనే. ఆయన విగ్రహం అక్కడుంది.

తిండి సంగతి

పలావ్ అక్కడ మధ్యాహ్నపు భోజనం. ఆలస్యమైతే డేగ్ ఖాళీ అవుతుంది. మాంసం, క్యారెట్, ఉల్లిపాయ వేస్తారు, కారం మాత్రం ఉండదు. బిర్యానీ నాలుకకు చప్పగా అనిపిస్తే ఇంటి నుంచి తెచ్చిన పచ్చడే దిక్కు. తందూర్‌లో కాల్చే సమ్సా మన సమోసాకు చుట్టమే. శాకాహారులు గుమ్మడికాయ సమ్సా అడగొచ్చు. నల్లా నీళ్లు తాగకండి.

వెళ్లేముందు

* భారతీయులకు ఈ-వీసా ఉంది. ఒకసారి ప్రవేశానికి, 30 రోజులకు ఇచ్చే వీసా ఫీజు 20 డాలర్లు. ఏజెంట్ ఎక్కువ అడిగితే ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి.
* మూడు ఊళ్లనూ కలిపే అఫ్రాసియాబ్ రైలు తాష్కెంట్ నుంచి సమర్‌ఖండ్‌కు రెండు గంటల్లో, కొంచెం అటూఇటుగా, చేరుస్తుంది. టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే కొనుక్కోండి.
* ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలలు మంచివి. వేసవిలో ఎండ మనలాగే మండుతుంది, జనవరిలో గడ్డకట్టే చలి.
* విదేశీయుల పేర్లను హోటల్‌వాళ్లే నమోదు చేస్తారు. వాళ్లిచ్చే చీటీ పారేయకండి.
* పెద్దవాళ్లతో వెళ్తే షాహె జిందా మెట్ల సంగతి గుర్తుంచుకోండి.

ప్యాకేజీ బుక్ చేసేముందు ఏజెంట్‌ను ఒక్కటే అడగండి: సమర్‌ఖండ్‌లో ఎన్ని రాత్రులు, బుఖారాలో ఎన్ని? ‘ఒక్కటీ లేదు’ అంటే వేరే ప్యాకేజీ చూసుకోవడమే మేలు.