తోంగ్‌పాల్ సీమలో బడియిల్లు

బస్తర్‌లో జగదల్‌పూర్ నుండి కోంటకు పోవు రహదారి మీద, కాంగేర్ అడవులు దాటిన పిదప తోంగ్‌పాల్ వచ్చును. వరి, చోళ్లు, అరికలు, సామలు పండించుకొను ఈ సీమలో ధుర్వాలు, గోండులు, హల్బాలు ఇరుగుపొరుగున బ్రతుకుచున్నారు. ధుర్వాల పర్జీ ద్రావిడ భాష. తెలుగునకు దూరపు చుట్టము. సంతలో నడచునది హల్బీ. బడిలో వినవచ్చునది హిందీ. ఇట్టి చోట బడియిల్లు ఎవరిది అను ప్రశ్న శతాబ్దకాలమునకు పైగా నలుగుచున్నది.

1905లో ఈ అడవులలో మూడింట రెండు వంతులను రిజర్వు చేసి, పోడును, వేటను, ఫలసేకరణను ఆపవలెనని ఆంగ్ల ప్రభుత్వము తలపెట్టినది. దానికి తోడు వెట్టిచాకిరి, కరవు. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ అను తిరుగుబాటు లేచినది. కాంగేర్ ధుర్వాలు ముందు నిలిచినారు. నేతానార్ గ్రామపు గుండా ధూర్ పేరు ఊరూర మ్రోగినది. సంతలు దోపిడి అయినవి. ఠాణాలతోపాటు బడులును కాలినవి.

ఇది అక్షరద్వేషమని తోసివేయుట సులభము. కాని న్యాయము కాదు. పిల్లలను, తలిదండ్రులను బాధించి పంతుళ్లు సొమ్ము గుంజిన సంగతిని తిరుగుబాటు కారణములలో ఒకటిగా నాటి అధికారులే లెక్కించినారు. రైతు కంటికి అటవీ జవాను, పోలీసు, పంతులు ఒకే సర్కారు చేతులు. అతడు కాల్చినది చదువును కాదు, ఆ సర్కారు గుమ్మమును.

మూడు నెలలకు తిరుగుబాటు అణగినది. గుండా ధూర్ పట్టుబడలేదు. రిజర్వు చేయదలచిన అడవి ఇంచుమించు సగమునకు తగ్గినది. అడవిని గూర్చిన మొర కొంత చెవికెక్కినదన్నమాట.

1948లో బస్తర్ సంస్థానము భారతదేశమున విలీనమైనది. బర్రో, భట్టాచార్య పర్జీ భాషపై గ్రంథమును 1953లో వెలువరించినారు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య కల్పించుటకు యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. పండితునికి వ్యాకరణము, పౌరునికి అధికరణము లభించినవి. పలక పట్టిన బిడ్డకు మాత్రము తన నుడిలో పాఠము అంత త్వరగా దొరకలేదు.

2005లో సల్వా జుడుం ఆరంభమైన పిదప దక్షిణ బస్తర్ బడులకు మరల గండము వచ్చినది. కొన్నింటిలో సాయుధ బలగములు దిగినవి. కొన్నింటిని మావోయిస్టులు కూల్చినారు. వేలకొలది జనము సరిహద్దు దాటి ఖమ్మము అడవులకు తరలినారు. బలగములు బడులను ఖాళీ చేయవలెనని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఊళ్ల బడులు పోయిన పిల్లల కొరకు వెదురు గోడలతో వసతి బడులు లేచినవి. జనము వానిని పోటా కేబిన్లు అన్నారు.

1910లో బడి సర్కారు ఠాణాతో కలిసి కాలినది. 2005 తరువాత అది ఇరుపక్షముల నడుమ నలిగినది. రెండు మారులును దానిని తమదని కాచుకొను అవకాశము ఊరివారికి లేకపోయినది. గోడలు వెదురువైనను ఇటుకవైనను, పంతులు నోట బిడ్డ తన ఇంటిమాట విననంతవరకు ఆ బడి ఊరికి పరాయిదే.